వెనక సీటులో ఆకుపచ్చ పట్టా

టార్పాలిన్ పట్టాలు అమ్మే, కవర్లు కుట్టే షాపు. ఆవిడ భర్త అప్పటికే లోపలికెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ, ఈ షాపు తప్ప ఇంకేదైనా బాగుండునని అనుకుంటూనే, గుమ్మం దాటింది.

"...అందుకే ముందే చెబుతున్నానండీ షాపుగారూ, మా ఆయన చేతికి ఏ వస్తువిచ్చినా దానికి నీళ్ళొదిలేసుకోవాల్సిందే. పెళ్ళయిన కొత్తలో నన్ను సినిమాకి తీసుకెళ్ళారు. మధ్యలో బయటికెళ్ళొచ్చి, వేరే వరసలో కూర్చుని, పక్కనున్న ఎవరో ఆవిడతో మిగతా సినిమా అంతా కబుర్లు చెప్పారు."

"ఆవిడేం అనలేదామ్మా?"

"ఏమీ అనలేదు. నాకంటే ఓపికస్తురాలు."

"చీకట్లో జరిగింది అది. చీకట్లో ఎవరికైనా జరుగుతుంది. ఎన్నిసార్లు చెబుతావ్, ఎంతమందికి చెబుతావ్?"

"గొడుగులు మాత్రం పట్టపగలే పోయాయి కదండీ. నాలుగు. అయిదోది కొనమంటే తడవడమే చవకన్నారు."

"ఇంతకీ పట్టా ఎవరికమ్మా, మీకా? సారుకా?"

"ఆయనకే. ఇంట్లో మంచముంది, పరుపుంది, ఫ్యానుంది. అవన్నీ ఉన్నాయనే ఆయన కోపం. అడవిలో రెండు చెట్ల మధ్య ఉయ్యాల కట్టుకుని మూడు రోజులు వేలాడతారట. నెత్తిన వాన పడకుండా ఓ పట్టా కావాలట. అదీ తక్కువలో. నేను వేరే షాపు చూద్దామన్నాను, వినలేదు."

"మా షాపుకేమైందమ్మా?"

"ఏమీ కాలేదు. మెట్లెత్తుగా ఉన్నాయి."

"మూడే కదమ్మా మెట్లు."

"మూడైనా ఎత్తే."

"ఆవిడ మాటలకేం పెద్దాయనా, నేను చెబుతాను రాసుకోండి. హ్యామక్ పొడవు పదకొండడుగులు. కట్టాక నడుం దగ్గర వంగుతుంది కదా, తొమ్మిదిన్నరకి వస్తుంది. పట్టా దానికన్నా అటో అడుగు, ఇటో అడుగు ఎక్కువుండాలి. లేకపోతే తల తడుస్తుంది, లేదా కాళ్ళు."

"ఆగండాగండి. మీరు మందుల సారు కాదూ? సెంటర్లో పెద్ద మందుల షాపు... మా ఆవిడ బీపీ మాత్రలు మీ దగ్గరే. మీ చేత్తో ఇస్తేనే పనిచేస్తాయంటుంది. ఇంకెవరిచ్చినా చీటీ పట్టుకుని మళ్ళీ మీ దగ్గరికే వస్తుంది."

"గుర్తొచ్చారు. పొద్దునొకటి, సాయంత్రం సగం. నల్ల సంచీ, పూలపూల పర్సు."

"చూశారా అమ్మా, మా ఆవిడ పర్సు నాకే గుర్తులేదు. ఈయనకా మతిమరుపు?"

"...పట్టాలు చూపించండి."

"చూపిస్తా చూపిస్తా. సారూ, మొదట ఇదిగో, ఈ నీలంది. అన్నిటికన్నా చవక. ఇసక లారీల మీద వేస్తారు. పది బై పది."

"గాలికి చప్పుడు చేస్తుందా?"

"చప్పుడా, పక్క ఊరికి వినపడుతుంది. బరువు కూడా. రెండు వానలకి రింగులు ఊడొస్తాయి. ఇది వెండిరంగుది, కొంచెం నయం, ఎండకి పెళుసవుతుంది. ఇదిగో, ఇది. పట్టుకు చూడండి. నైలాను. మడిస్తే లంచ్ బాక్సంత. అంచులకి రెండు మడతల కుట్టు, రింగుల కింద అదనపు గుడ్డ. దీని ధరలో నీలంవి నాలుగొస్తాయనుకోండి."

"నీలంది చాలు."

"ఏమండీ, ఆ నైలానుది తీసుకోండి."

"అంతెందుకు?"

"వాన పడుతుంది కదండీ."

"నీలం దాని మీదా అదే వాన పడుతుంది. పది బై పదిని మూలకి మూల వేసి కట్టుకుంటే పధ్నాలుగడుగులొస్తుంది, ఆ మాత్రం లెక్క చాలు. తాడు మీదుగా నీళ్ళు జారి ఉయ్యాలలోకి రాకుండా అటోటీ ఇటోటీ పురికొస ముక్క వేలాడగడతాను. నీళ్ళు దాన్ని పట్టుకుని కిందికి పోతాయి. ఇదివరకటి దాన్ని పద్నాలుగేళ్ళు అలాగే కట్టాను. ఒక్క చుక్క పడలేదు."

"పద్నాలుగేళ్ళా? అదేం పట్టా సారూ?"

"మంచి పట్టా. ఓవైపు ఆకుపచ్చ, ఓవైపు బూడిదరంగు. ఓ మూల చిరిగితే తెల్లదారంతో నేనే కుట్టుకున్నాను, నా కుట్టు వంకర అనుకోండి..."

"ఏమైంది దానికి?"

"ఆ సంగతెందుకులెండి, ఆయన చెప్పడం మొదలుపెడితే మీరు షాపు మూసుకోవాలి. వెండిరంగు దాని వెడల్పెంత?"

"చెప్పనీవోయ్. సిగ్గుపడాల్సిందేముంది. బస్సులో మర్చిపోయాను పెద్దాయనా. కిందటేడు అడవి నుంచి వస్తూ. మర్చిపోయానన్న సంగతి కూడా మర్చిపోయాను, అదీ విషయం. ఈ ఏడు వానలు మొదలయ్యాక అటక మీద చూస్తే లేదు. ఇల్లంతా వెతికాను. మంచాల కింద, బీరువా వెనక. అప్పుడు ఈవిడే అంది, బస్సు వెనక సీట్లో వదిలేసి ఉంటారు అని. ముందు నాకేమీ తట్టలేదు. రెండ్రోజులు ఆలోచిస్తే మెల్లిగా ఒక్కొక్కటీ వచ్చాయి. వెనక సీటు. పగిలిన కిటికీ. పక్కన ఎవరో పాపాయి, పట్టా చుట్ట మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. ఆ పాప మేజోళ్ళు కూడా గుర్తొచ్చాయి."

"మరి డిపోలో అడగలేకపోయారా?"

"వెళ్ళాను. నాలుగుసార్లు. ఏడాది కిందటి వస్తువడిగితే వాళ్ళు నన్నే ఓ గదిలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు."

"పోనీలెండి సారూ, ఓ వస్తువు. అందరం పారేసుకుంటాం."

"గొడుగంటే నేనూ అదే అంటాను. గొడుగుని నేనెప్పుడూ నాదనుకోలేదు. కానీ ఆ పట్టా నాది. దాన్నే మర్చిపోయాక మాత్రలెలా ఇవ్వను? పొద్దునొకటి, సాయంత్రం సగం అని మీ ఆవిడకి రాసిస్తానా, అది అటూ ఇటూ అయిందనుకోండి. అందుకని మూడుసార్లు చూడ్డం మొదలుపెట్టాను. తర్వాత అయిదుసార్లు. జనం వరస వీధిలోకి వెళ్ళింది. తిట్లు. మా ఓనరు మంచివాడు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నాడు."

"డాక్టరు?"

"బొమ్మలు చూపించి పేర్లడిగాడు. అన్నీ చెప్పాను. వెనక్కి లెక్కపెట్టమన్నాడు. పెట్టాను. ఇప్పుడే ఏమీ చెప్పలేం, ఆర్నెల్లాగి రమ్మన్నాడు. మా నాన్నకీ ఇలాగే మొదలైంది, ముందు వస్తువులు, తర్వాత దారులు, చివరికి మేము. అందుకే దారులు గుర్తున్నప్పుడే ఇంకోసారి అడవికి వెళ్ళొద్దామని. చొక్కా జేబులో ఇంటి చిరునామా పెట్టుకున్నాను, ఇదిగో."

"ఏమండీ, ఆ చిరునామా అందరికీ చూపించాలా?"

"చూపించడానికే కదా రాసుకుంది."

"అయినా ఉద్యోగం ఇంకా పోలేదండీ, ఆయన ఊరికే... సోమవారం మందుల షాపు తాళాలిచ్చేసి మానేయాలనుకుంటున్నారు, అంతే. అనుకుంటున్నారు. సోమవారానికి ఇంకా మూడు రోజులుంది. ఈలోగా ఏదైనా... మనసు మారొచ్చు."

"అదీ... నీకు చెప్పడం... చీటీ మీద రాసుకున్నాను కూడా, నీకు చెప్పాలని. తాళాలు పొద్దునే ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఓనరుకి. కొత్తమ్మాయి వచ్చేసింది. చురుగ్గా ఉంది. అరల్లో ఏది ఎక్కడుందో చూపించాను, నా ఇరవయ్యారేళ్ళూ గంటలో అయిపోయాయి."

"సోమవారం అన్నారు కదా. సోమవారం అనే కదా మీరన్నది? నాతో సోమవారం అన్నారు."

"మూడు రోజుల్లో తప్పు జరగదని ఏముంది? నువ్వెందుకలా అయిపోయావ్? ఏదో ఒకరోజు ఇవ్వాల్సినవే కదా."

"ఆదివారం దాకా ఆగుతారనుకున్నాను."

"ఆదివారం ఏముంది?"

"ఏమీ లేదు."

"సరే, పెద్దాయనా, ఓ పని చేస్తా. నీలం దాన్ని ఆ వరండా స్తంభాలకి ఓసారి కట్టి చూడొచ్చా? ఏటవాలు ఎంత వస్తుందో చూస్తాను."

"కట్టండి సారూ. తాడు అక్కడే కొక్కేనికుంది."

ఆయన పట్టా భుజాన వేసుకుని, టేపు తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

"అమ్మా, ఓ మాటడగనా?"

"నైలానుది ధర తగ్గిస్తానంటే అడగండి."

"మీరు వేసవిలో వచ్చారు కదూ మా షాపుకి?"

"లేదే."

"వచ్చారమ్మా. ఆకుపచ్చ పట్టా తెచ్చారు. వాషింగ్ మెషీన్‌కి కవరు కుట్టమన్నారు. బాల్కనీలో ఉంటుంది, తడుస్తోందన్నారు. కింద చుట్టూ ఎలాస్టిక్. వెనక గొట్టానికో కన్నం."

"వేరెవరో అయ్యుంటారు."

"ఓ మూల తెల్లదారం వంకర కుట్టు. నేను నవ్వాను కూడా, ఎవరమ్మా ఈ దర్జీ అని."

"ఆకుపచ్చ పట్టాలు ఊరంతా ఉన్నాయండీ. తెల్లదారమూ అంతే."

"ఆకుపచ్చ లోపలికి పోయేట్టు, బూడిదరంగు బయటికొచ్చేట్టు కుట్టమన్నారు. ఎందుకమ్మా, ఆకుపచ్చ బాగుంటుంది కదా అంటే, మా గోడకి బూడిదే నప్పుతుందన్నారు."

"నేనలా అనను. నాకు గోడల గురించి అంత పట్టింపు లేదు."

"మీరే అన్నట్టు..."

"మీకు వచ్చినవాళ్ళ మొహాలన్నీ గుర్తుంటాయా?"

"మొహాలు ఉండవు. గుడ్డలు ఉంటాయి."

"మరి మొహాలు గుర్తుండనివారు నన్నెలా పట్టేశారు?"

"మాటని బట్టమ్మా. ఇందాక మీరు గుమ్మంలోంచి మీ ఆయన్ని ఆడిపోసుకుంటూ వచ్చారు కదా, అప్పుడే అనుకున్నా. ఆ రోజూ అంతే. 'మా ఆయన్ని అడిగితే దీన్ని మ్యూజియానికిస్తారు గానీ కత్తెరకివ్వరు, అందుకే అడగలేదు' అన్నారు. మా ఆవిడకి చెప్పి నవ్వుకున్నాం."

"ఎవరైనా అనగలరు ఆ మాట. మొగుళ్ళందరూ ఒకటే కదా."

"అది నిజమే."

"మీ వయసెంతండీ?"

"డెబ్భైరెండు."

"చూశారా. ఏడాదికి ఎన్ని కవర్లు కుడతారు? ఒకళ్ళది తీసుకెళ్ళి ఇంకొకళ్ళకి అంటగట్టేస్తుంది బుర్ర. వయసు మీద పడితే అలాగే ఉంటుంది, అందులో మీ తప్పేం లేదు."

"అంత స్పష్టంగా..."

"మా ఆయనకీ స్పష్టంగానే కనపడుతుంది బస్సు."

"అవును కదూ. ఆ మాటా నిజమే. అవును... మేజోళ్ళతో సహా అన్నారు."

"అందుకే. ఆయన ముందు ఇవన్నీ మాట్లాడి ఆయన్ని గాభరా పెట్టకండి. ఇప్పటికే..."

"లేదులేమ్మా. ఇప్పుడు గాభరా నాకు."

ఆయన వరండాలోంచి లోపలికొచ్చాడు.

"ఇదిగోనోయ్, సరిపోయింది. పధ్నాలుగడుగులకి రెండంగుళాలు తక్కువ. చప్పుడు మాత్రం నిజమే, గాలి లేకుండానే చేస్తోంది. ఏమైంది పెద్దాయనా, అలా ఉన్నారు?"

"ఏం లేదు సారూ. మీ డాక్టరు ఎక్కడ కూర్చుంటాడు?"

"ఎందుకు?"

"నాకూ మొదలైందేమోనని."

"మీకా? ఏం మర్చిపోయారు?"

"మర్చిపోవడం కాదు సారూ. కుట్టనిది కుట్టినట్టు గుర్తొస్తోంది. ఎవరో తెచ్చినట్టు, నేను కొలిచినట్టు. చేతికి గుడ్డ గరుకు కూడా తెలుస్తోంది. తీరా అడిగితే అలాంటిదేమీ జరగలేదట."

"ఊఁ. అది వేరే రకం. నాది ఉన్నది పోవడం. మీది లేనిది రావడం."

"రెండిటికీ ఒకడే డాక్టరా?"

"ఒకడే. ఇద్దరికీ ఆర్నెల్లాగి రమ్మంటాడు. ఏమోయ్, నా చేతిసంచీ ఇలా ఇవ్వు. ఇదిగో పెద్దాయనా, చిన్న నోటుపుస్తకం. సగం ఖాళీనే ఉంది, మీరు వాడుకోండి."

"మీకు కావాలి కదా సారూ."

"నాకింక పనేముంది రాసుకోడానికి? చూడండి, తేదీ పైన. ఎవరొచ్చారో ఇక్కడ. ఏం చేశారో ఇక్కడ. వెంటనే రాయాలి, తర్వాత రాద్దామనుకుంటే తర్వాత అన్నది మనది కాదు. రాసేటప్పుడు ఎవరైనా చూస్తే సిగ్గుపడకూడదు. మొదట్లో నేను బాత్రూంలోకెళ్ళి రాసుకునేవాణ్ణి."

"బాత్రూంలోనా? ఏమండీ, నాతో ఎప్పుడూ..."

"నువ్వు నవ్వుతావని."

"నేను నవ్వేదాన్ని కాదు."

"నవ్వేదానివిలే. నవ్వితే నాకూ బాగానే ఉంటుంది, కాకపోతే ఆ ఒక్క విషయంలో... సరే. రెండోది, పెద్దాయనా. కాస్త ముందే ఇంట్లోవాళ్ళకి చెప్పేయండి. దాచి దాచి బయటపడితే వాళ్ళకి కష్టం. నేను ఈవిడకి చెప్పాను కాబట్టి సరిపోయింది. పాపం, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. డాక్టరు దగ్గరికి నాతో వచ్చింది. డిపోకి కూడా ఓసారి వచ్చి బయట నిలబడింది."

"అదృష్టవంతులు సారూ."

"అది మాత్రం నిజం."

"నాకైతే సారూ, కత్తెర చేతిలో ఉంటుంది. కొలత ఒకటనుకుని ఇంకోటి కోసేస్తే గుడ్డ మళ్ళీ అతకదు. మా అమ్మాయి ఎప్పట్నుంచో అంటోంది, షాపు అద్దెకిచ్చేసి ఇంట్లో కూర్చో నాన్నా అని. ఇవాళ సాయంత్రమే చెప్పేస్తాను, సరేనని."

"తొందరపడకండి. అయినా... మీ ఇష్టం. నేనూ తొందరేమీ లేదనుకునే మూడు నెలలు నెట్టుకొచ్చాను. ఏం లాభం? నీలంది కట్టేయండి. మళ్ళీ ఎక్కడో వదిలేసొచ్చేదానికి నైలాను దండగ."

"కడతాను సారూ. ఇదే ఆఖరి బేరమేమో నాది కూడా. పురికొస ఎక్కడ పెట్టాను... చూశారా, ఇదీ..."

"అమ్మాయికి చెప్పకండి."

"ఏంటమ్మా?"

"మీ అమ్మాయికి. షాపు మూసేస్తానని చెప్పకండి."

"ఎందుకోయ్? వాళ్ళింటి సంగతి మనకెందుకు?"

"మీరుండండి. షాపుగారూ, మీకేమీ కాలేదు. మీరు కుట్టారు. ఆకుపచ్చ లోపలికి, బూడిద బయటికి. కింద ఎలాస్టిక్. గొట్టానికి కన్నం కాస్త పెద్దదైంది, అది కూడా మీకు గుర్తుండే ఉంటుంది."

"గుర్తుందమ్మా. మీరు పరవాలేదన్నారు."

"ఏం కుట్టారు? ఏం మాట్లాడుతున్నారు మీరిద్దరూ?"

"మీ పట్టా అండీ."

"నా పట్టా బస్సులో పోయింది."

"పోలేదు. బాల్కనీలో ఉంది. మెషీన్ మీద."

"అది మెషీన్ కవరు. బూడిదరంగుది. రోజూ దాని మీద నా తువ్వాలు వేస్తాను."

"రోజూ చూస్తున్నాను, మీరు వెయ్యడం. దాన్ని తిరగేస్తే మీ తెల్లదారం కుట్టుంటుంది."

"...నువ్వు నాకోసం చెబుతున్నావ్ ఇది. తాళాలిచ్చేశానని, నన్ను నిలబెట్టాలని. నీ మంచితనం. కానీ ఇలా చెప్పకు, ఉన్న కాస్త నమ్మకం కూడా చెడుతుంది. నాకు బస్సు గుర్తుంది. పగిలిన అద్దం గుర్తుంది. ఆ పాప... తెల్ల మేజోళ్ళు, ఒకటి జారిపోయి... ఇంత గుర్తున్నది జరగలేదంటావా?"

"కిందటేడు మీరు బస్సెక్కలేదండీ. వాన ఎక్కువై బస్సులాగిపోయాయి. పాలవ్యాన్ అతను తెచ్చి దింపాడు. మీరే అతన్ని లోపలికి పిలిచి టీ ఇప్పించారు. మర్నాడు పట్టా డాబా మీద ఆరేసి, మడతపెట్టి, మీ చేత్తో అటక మీద పెట్టారు. నిచ్చెన నేనే పట్టుకున్నాను."

"పాలవ్యానా? నాకు... లేదే. నాకలాంటిదేమీ... పెద్దాయనా, ఏది నిజం?"

"నేను కుట్టింది మాత్రం నిజం సారూ."

"మరి నేను వెతుకుతుంటే చూస్తూ కూర్చున్నావా? బీరువా జరిపాను."

"నవ్వులాటకి అన్నానండీ, బస్సులో వదిలేసి ఉంటారని. మీరు నవ్వుతారు, నేను చెప్పేస్తాను, ఓ పూట కోప్పడతారు, అయిపోతుందనుకున్నాను. మీరు నవ్వలేదు. నమ్మేశారు. మర్నాడు చెబుదామంటే మర్నాడు డిపోకి వెళ్ళారు. ఆ తర్వాత డాక్టరన్నారు. రోజురోజుకీ నోరు రాలేదు. సోమవారం దాకా వ్యవధి ఉంది కదా, ఆదివారం చెప్పేద్దామని..."

"తాళాలు పొద్దునే ఇచ్చేశాను."

"విన్నాను."

"ఆ అమ్మాయికి అన్నీ చూపించేశాను. వెనక్కి అడగలేను ఇప్పుడు. ఏమని అడగను? నాకేమీ కాలేదని చెబితే ఎవరు నమ్ముతారు? నాకే నమ్మకం లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా బస్సే కనపడుతోంది, నువ్వు చెప్పిన వ్యాన్ కనపడ్డం లేదు."

"ఆ బస్సు మీకు గుర్తొచ్చింది కాదండీ, నేను ఎక్కించింది. మీరు ఏదీ మర్చిపోలేదు. తప్పు నాది. మొదటి రోజు నుంచీ నాదే."